కొత్త కెర్నెల్ వేసి చూడండి, పాతది మాత్రం తీసేయకండి

మధురవాడలో మా పై వాటాలో ఉండే ఇంజనీరింగ్ కుర్రాడు 2024 డిసెంబర్‌లో ఒక రాత్రి లాప్‌టాప్ చంకన పెట్టుకుని కిందికి దిగాడు. "అన్నా, మూత వేసి తీస్తే స్క్రీన్ నల్లగా ఉండిపోతోంది. పవర్ బటన్ నొక్కిపట్టుకుంటే తప్ప లేవట్లేదు. ఉబుంటు ఇప్పటికి రెండుసార్లు మళ్లీ ఎక్కించాను." రెండుసార్లూ ఎక్కించింది అదే 24.04 వెర్షన్, అందులో ఉన్నది అదే 6.8 కెర్నెల్ (హార్డ్‌వేర్‌తో మాట్లాడే, ఉబుంటుకి గుండెకాయ లాంటి భాగం), ఇంక తేడా ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇలాంటప్పుడు మొత్తం తుడిచేయక్కర్లేదు, కెర్నెల్ ఒక్కటే మార్చి చూస్తే చాలు. ఉబుంటు లినక్స్ వాడేవాళ్ల కోసం ఎలాగో చెప్తాను.

ముందు తప్పు కెర్నెల్‌దేనా కాదా తేల్చుకోండి. బీచ్ రోడ్డుకి దగ్గర్లో ఉండేవాళ్లు ఉప్పుగాలిని లెక్కలో వేసుకోవాలి. పెదవాల్తేరులో ఉన్నప్పుడు నా పాత డెస్క్‌టాప్ రోజుకో కొత్త ఎర్రర్ చూపించి పడిపోయేది, ఒకరోజు డిస్క్ అనేది, ఒకరోజు బ్రౌజర్, ఇంకోరోజు ఏమీ అనకుండానే రీస్టార్ట్ అయ్యేది. చివరికి ర్యామ్ పీకి చూస్తే కాళ్ల మీద నల్లటి పొర. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది పెట్టాను, అంతే. ఎర్రర్ ప్రతిసారీ వేరే చోట వస్తుంటే ర్యామ్‌ని అనుమానించండి, మెమ్‌టెస్ట్ (ర్యామ్‌ని పరీక్షించే ప్రోగ్రామ్) పెట్టి రాత్రంతా వదిలేయండి. ఒకే పని చేసినప్పుడు ఒకేచోట పడుతుంటే మాత్రం కెర్నెల్ వైపు చూడాల్సిందే.

ఇప్పుడు ఆధారం కావాలి. మెషిన్ బిగుసుకుపోయాక మళ్లీ ఆన్ చేసి, టెర్మినల్‌లో 'జర్నల్‌సీటీఎల్ -కె -బి -1' కొట్టండి (ఇంగ్లీషు అక్షరాల్లోనే, వేరే చెప్పక్కర్లేదు). కె అంటే కెర్నెల్ మాటలు మాత్రమే, మైనస్ 1 అంటే ఇప్పటిది కాదు, దీనికి ముందు బూట్‌ది. తిన్నగా చివరికి వెళ్లండి. కుర్రాడి లాగ్‌లో 'బగ్: కెర్నెల్ నల్ పాయింటర్ డీరెఫరెన్స్' అని ఒక లైను, దాని కింద ఆర్ఐపీ అని మొదలయ్యే ఇంకో లైను ఉన్నాయి. ఆ రెండో లైను చివర చదరపు బ్రాకెట్లలో వైఫై డ్రైవర్ పేరు. స్క్రీన్ నల్లబడుతోంది కదా అని వాడు పది రోజులుగా గ్రాఫిక్స్ సెట్టింగులు గెలుకుతున్నాడు! అక్కడే 'టెయింటెడ్' అనే మాట పక్కన పి, ఓ లాంటి అక్షరాలుంటే, కెర్నెల్‌తో పాటు రాని మాడ్యూల్ ఏదో బయటినుంచి ఎక్కిందని. ఎన్విడియా వాళ్ల సొంత డ్రైవర్ అలాంటిదే. వీలైతే దాన్ని తీసేసి మళ్లీ పడుతుందేమో చూడండి, లేకపోతే రేపు రిపోర్ట్ పెట్టినా డెవలపర్లు మొదట అడిగేది అదే.

ఇంకోమాట. పవర్ బటన్ నొక్కిపడితే చివరి లైన్లు డిస్క్‌లోకి వెళ్లకుండానే పోవచ్చు. అలా పోకుండా ఆల్ట్, ప్రింట్‌స్క్రీన్ పట్టుకుని ఎస్, యు, బి ఒకదాని తర్వాత ఒకటి, రెండేసి సెకన్లు ఆగుతూ నొక్కండి, ఉబుంటులో ఈ మూడూ మామూలుగానే పనిచేస్తాయి. దానికీ లొంగకుండా క్యాప్స్ లాక్ లైటు మిణుకుమిణుకుమంటుంటే అది పానిక్ (కెర్నెల్ పూర్తిగా చేతులెత్తేసిందని), స్క్రీన్ మీద ఏమున్నా ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

'యూనేమ్ -ఆర్' కొడితే ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్ నంబర్ వస్తుంది, రాసిపెట్టుకోండి. మామూలు అప్‌డేట్లన్నీ వేసినా తగ్గకపోతే అప్పుడు మెయిన్‌లైన్ బిల్డ్. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ తొమ్మిది పది వారాలకోసారి కొత్త కెర్నెల్ వదులుతారు, మధ్యలో వారం వారం ఆర్‌సీలు (విడుదలకి ముందు పరీక్ష వెర్షన్లు) వస్తుంటాయి. వాటిని ఉబుంటు కెర్నెల్ టీమ్ తన ప్యాచ్‌లేవీ కలపకుండా డెబ్ ఫైళ్లుగా (ఉబుంటులో ఇన్‌స్టాల్ చేసుకునే ప్యాకేజీలు) చేసి, తమ కెర్నెల్ సైట్‌లో మెయిన్‌లైన్ అనే ఫోల్డర్‌లో పెడుతుంది. అవి పరీక్షకే, సెక్యూరిటీ అప్‌డేట్లు రావు. రోజూ వాడుకోవడానికి వేసుకునేవాళ్లున్నారు, నేనైతే వద్దంటాను.

మీ వెర్షన్ ఫోల్డర్‌లో ఏఎండీ64 కింద ఇమేజ్, మాడ్యూల్స్, హెడర్లు ఉంటాయి. అన్నీ ఒక ఖాళీ ఫోల్డర్‌లోకి దించుకుని 'సుడో డీపీకేజీ -ఐ' పక్కన స్టార్, డాట్, డెబ్ కొట్టండి. అంతకుముందు 'డీఎఫ్ -హెచ్'తో బూట్ పార్టిషన్‌లో చోటుందో లేదో చూసుకోండి, అది నిండిపోతే సగంలో ఆగి వేరే తలనొప్పి. హెడర్లు ఏదో లైబ్రరీ లేదని పేచీ పెడితే, బయటి మాడ్యూళ్లు మీకు లేనట్టయితే వాటిని వదిలేయొచ్చు.

ఎక్కువమంది ఆగిపోయేది సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న కెర్నెల్‌నే మొదలవ్వనిచ్చే కాపలా) దగ్గర. ఈ బిల్డ్‌లకు సంతకం ఉండదు కాబట్టి 'బ్యాడ్ షిమ్ సిగ్నేచర్' అని తిప్పికొడుతుంది. పరీక్ష అయ్యేదాకా బయోస్‌లో దాన్ని ఆపాలి. అదే మెషిన్‌లో విండోస్ కూడా ఉండి దాని డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే, ముందు రికవరీ కీ వేరే చోట రాసుకోండి. సెక్యూర్ బూట్ ఆపగానే విండోస్ ఆ కీ అడగొచ్చు, అప్పుడు వెతుక్కుంటే దొరకదు.

రీస్టార్ట్ చేసి, కంపెనీ లోగో కనపడగానే ఎస్కేప్ నొక్కితే ఏ కెర్నెల్‌తో మొదలవ్వాలో ఎంచుకునే గ్రబ్ మెనూ వస్తుంది. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో పాతదీ కొత్తదీ రెండూ కనిపిస్తాయి. కొత్తది ఎంచుకుని, లోపలికెళ్లాక మళ్లీ యూనేమ్ చూడండి (పాత కెర్నెల్‌లోనే ఉండి "తగ్గలేదు" అనుకున్న ఘనుల్లో నేనూ ఉన్నాను). తర్వాత సమస్య తెప్పించే పని పదిసార్లు చేయండి, ఒక్కసారి బాగుందని సంబరపడొద్దు. ఆ పూట ఇంకేమీ మార్చకండి, బయోస్ అప్‌డేట్ చేసేద్దాం, పనిలోపని అది కూడా అనొద్దు. రెండు మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు.

మేం అప్పటికి కొత్తదైన 6.12 వేశాం. మూత పదిసార్లు వేసి తీశాం, పదిసార్లూ లేచింది. వాడు అక్కడితో వెళ్లిపోతానన్నాడు, నేను కూర్చోబెట్టాను. 6.8లో పడుతోంది, 6.12లో పడట్లేదు, మరి ఎక్కడ బాగుపడింది? మధ్యది 6.10 వేస్తే రెండోసారికే పడింది. 6.11 వేస్తే పడలేదు. అంటే 6.11 చాలు. ఇంకా లోతుగా కావాలంటే ఆర్‌సీల మధ్య ఇలాగే సగం సగం చేసుకుంటూ పోవచ్చు, ఆ తర్వాత గిట్ బైసెక్ట్ (కోడ్‌లో ఏ ఒక్క మార్పుతో తేడా వచ్చిందో ఇలాగే సగం సగం చేస్తూ పట్టుకోవడం), కానీ దానికి కెర్నెల్ మనమే కంపైల్ చేసుకోవాలి, ఒక ఆదివారం పోతుంది.

కొత్తదాన్లోనూ అలాగే పడితే అదీ పనికొచ్చే సంగతే, అసలు కెర్నెల్‌లోనే ఇంకా ఎవరూ సరిచేయలేదని. ఉబుంటు వాళ్లకి కాదు, ఆ డ్రైవర్ చూసేవాళ్లకి చెప్పాలి. ఏ వెర్షన్లలో పడింది, ఏ పని చేస్తే పడింది, పూర్తి లాగ్, ఇవి చాలు. పాతదాన్లో బాగుండి కొత్తదాన్లో చెడితే దాన్ని రిగ్రెషన్ అంటారు, అది మొదటి లైన్లోనే రాయండి. నడుస్తున్నదాన్ని చెడగొట్టకూడదన్న నియమం విషయంలో టోర్వాల్డ్స్ చాలా గట్టి మనిషి.

2025 ఫిబ్రవరిలో 24.04.2తో పాటు ఉబుంటు సొంత 6.11 వచ్చింది, సంతకంతో సహా. కుర్రాడు అదే వేసుకుని, అందులోకి బూట్ అయ్యాక మెయిన్‌లైన్ ప్యాకేజీలన్నీ తీసేసి, సెక్యూర్ బూట్ మళ్లీ ఆన్ చేశాడు. తీసేటప్పుడు నడుస్తున్న కెర్నెల్ జోలికి వెళ్లకండి, పేరు చివర నంబర్ రెండుసార్లు చూసుకుని ఎంటర్ కొట్టండి.