జానపదాలు పాడే గొంతుతో పద్యనాటకంలో వేషం కట్టడం ఎలా?

మా బరంపురం, ఇచ్ఛాపురం, పర్లాకిమిడి వైపు జానపదాలు బాగా పాడే కుర్రోళ్లకి లోటు లేదు. పెళ్లిళ్లలో పాడతారు, అమ్మవారి సంబరాల్లో పాడతారు, యూట్యూబులో పెడతారు, వంగపండు గారి పాట ఎత్తుకుంటే ఊరంతా లేచి గంతులేస్తుంది. కాస్త పేరు రాగానే ఏదో ఒక నాటక సమాజంవాళ్లు వచ్చి గొంతు బాగుంది వేషం కడతావా అంటారు, వీడు సరే అంటాడు, కిరీటం పెట్టుకుని స్టేజీ ఎక్కుతాడు, మొదటి పద్యానికే హార్మోనియం ఒక దారి, వీడు ఒక దారి. ఏటేటా ఇదే చూస్తున్నా. చూసీ చూసీ విసుగొచ్చి రాస్తున్నా.

కావాల్సినవి పెద్దగా ఏం లేవు. ఫోన్లో తంబూరా యాప్, ఒక నోటుబుక్కు, పెన్సిలు, తువ్వాలు. పద్యాలు మీ చేత్తో మీరే రాసుకోవాలి, జెరాక్సు కాగితం చూసి నేర్చుకున్నోడికి పద్యం నిలవదు. డ్రెస్సులు, కిరీటాలు అద్దెకి దొరుకుతాయి, మేకప్ సంగతి మేకప్ ఆయన చూసుకుంటాడు, ఆయన్ని విసిగించకండి.

మొదటి వేషం హరిశ్చంద్ర నాటకంలో నక్షత్రకుడే కట్టాలి, అప్పు వసూలుకి హరిశ్చంద్రుడి వెంటపడే విశ్వామిత్రుడి శిష్యుడు. కృష్ణుడు, హరిశ్చంద్రుడు తర్వాత. నక్షత్రకుడికి నవ్వించే పని ఉంటుంది, స్టేజీ అంతా తిరగొచ్చు, జానపదం పాడేవాడికి జనంతో ఉండే చనువు అక్కడ పనికొస్తుంది. నేరుగా హరిశ్చంద్రుడి కాటి సీను మీదకి పోయేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ సీనులో జనం కాసుకుని కూర్చునే పద్యాలు కొన్ని అసలు ఆ నాటకం రాసినాయనవి కావు, గుర్రం జాషువా గారివి, తర్వాత నటులు తెచ్చి కలుపుకున్నారు. అవి ముందు వరసలో కూర్చున్న ముసలాళ్లందరికీ కంఠతా వచ్చు, ఒక్క అక్షరం జారినా అక్కడే తిడతారు.

తర్వాత శృతి చూసుకోవడం, అంటే మీ గొంతు ఏ మెట్టు ఆధారంగా పాడాలో తేల్చుకోవడం. హార్మోనియం మీద తెల్ల మెట్లు ఒకటి, రెండు, మూడు, నల్లవి ఒకటిన్నర, రెండున్నర, అలా పోతాయి. మూడుకీ నాలుగుకీ మధ్య నల్ల మెట్టు లేదు కాబట్టి మూడున్నర అనే శృతే లేదు, అది అడిగి నవ్వులపాలు కావద్దు. మగవాళ్లకి ఒకటి నుంచి రెండున్నర లోపు చాలు. ఆడవాళ్లకి నాలుగు నుంచి ఐదున్నర. డప్పు పక్కన పాడి పాడి మనవాళ్లకి పైపైన అరవడం అలవాటు, నాటకానికి కూడా అదే స్థాయి అడుగుతారు, రెండో అంకానికి గొంతు పోతుంది. మైకులు లేని రోజుల్లో అంత పైన పాడారంటే అప్పుడు అవసరం, ఇప్పుడేం ఖర్మ?

ఇక అసలు చిక్కు. ఇక్కడ తొందరపడకుండా చదవండి.

జానపదానికి దెబ్బ ఉంటుంది, కాలు దానంతటదే కదులుతుంది. పద్యానికి తాళం లేదు. అదేంటి ఉత్పలమాలకి గణాలున్నాయి కదా అంటారు, ఉన్నాయి, పాదానికి ఇరవై అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి, అవన్నీ రాసేవాడి లెక్కలు, పాడేవాడు వాటి మీద కాలు వేస్తే పద్యం చచ్చిపోతుంది. మనవాళ్లు తెలీకుండానే లోపల డప్పు కొట్టుకుంటూ పాడతారు, బొటనవేలు చూస్తే దొరికిపోతారు. ఆ వేలు ఆగేదాకా స్టేజీ ఎక్కొద్దు.

రెండోది ఊపిరి. పాటలో లైను అయిపోతే మాట కూడా అయిపోతుంది, అక్కడ ఊపిరి తీసుకుంటాం. పద్యంలో మాట ఒక పాదంలో మొదలై పక్క పాదంలోకి పోతుంది. పాదం చివర ఆగితే మాట రెండు ముక్కలై అర్థం మారిపోతుంది. అందుకే పెన్సిలు. ముందు పద్యాన్ని డైలాగులాగా చదవండి, ఎవరికి చెప్తున్నాడో, కోపంగానో దీనంగానో చూసుకుని చదవండి, అర్థం ఎక్కడ తెగుతుందో అక్కడ గీత పెట్టండి, ఆ గీత దగ్గరే ఊపిరి. తర్వాత ఒకే స్వరం మీద మొత్తం అనండి. అప్పుడు రాగం. చాలామంది మోహన నేర్చుకుని తర్వాత పద్యం దాంట్లో కుక్కుతారు, అది తలకిందుల పని. రాగం సాగదీయడం చివరి పాదం అయ్యాకే, అదీ కొంచెమే. బొబ్బిలి ప్రాంతంలో పేరు మోసిన పీసపాటి నరసింహమూర్తి గారు కృష్ణుడిగా పాడిన రికార్డింగులు వెతికి వినండి, మాట ఎంత స్పష్టంగా ఉందో చూడండి.

అన్నిటికంటే ఎక్కువమంది పడేది మాటలోంచి పద్యంలోకి ఎక్కే చోట. డైలాగు గట్టిగా అరిచేసి, ఆగి, శృతి వెతుక్కుని అప్పుడు ఎత్తుకుంటారు. ఆ మధ్యలో పాత్ర దిగిపోయి పాటగాడు నిలబడతాడు. అలా కాదు. డైలాగు చివరి వాక్యం నుంచే గొంతుని శృతి దగ్గరకి తెచ్చుకోవాలి, చివరి మాట షడ్జం మీద, అంటే శృతి "స" మీద వాలాలి, పద్యం మొదటి అక్షరం అక్కడినుంచే లేవాలి. హార్మోనిస్టు చివరి వాక్యానికే మెట్టు నొక్కిపెడతాడు, అది వినబడాలి. కానీ కిరీటం, చెవుల మీదకి దిగే తళుకులు కలిసి చెవులు మూసేస్తాయి. ఇంట్లో చక్కగా పాడినోడు స్టేజీ మీద తప్పేది ఇందుకే. తువ్వాలు చెవుల మీదుగా బిగించి కట్టుకుని వారాల తరబడి సాధన చేయండి, హార్మోనియం మీ కుడి చేతివైపు పెట్టమని ముందే చెప్పండి. ఎడమవైపు వద్దు.

మరొకటి, చెవికి చెయ్యి పెట్టకండి బాబూ! జానపదంలో అది అందం. కృష్ణుడు రాయబారానికొచ్చి చెవి మూసుకుంటే దుర్యోధనుడు కూడా నవ్వుతాడు.

కొంతమంది సలహా ఇస్తారు, ఇంత కష్టమెందుకు, ట్రాకు పెట్టి పాడేయొచ్చు కదా అని. ట్రాకు మీకోసం ఆగదు. ఎదుటివాడు డైలాగు మర్చిపోతే హార్మోనిస్టు ఇంకో చుట్టు వాయించి కాపాడతాడు, పెన్ డ్రైవు కాపాడుతుందా?

గంజాం వైపు ఒడియావాళ్ల ప్రహ్లాద నాటకం ఉంది, మెట్లు మెట్లుగా కట్టిన స్టేజీ, పక్కన గాహకుడి, అంటే కథ పాడే గాయకుడి పాట. జలంత్ర సంస్థానం రాజు రామకృష్ణ ఛోటరాయ్ పేరు మీద చెప్పుకునే నాటకం. తప్పకుండా చూడండి, రాజు వేషం నడక అక్కడ నేర్చుకోవాలి. పాట పద్ధతి మాత్రం తెచ్చుకోకండి, అది వేరే.

జానపదాలు మానేయొద్దు, తిండి పెట్టేవి అవే. బరంపురంలో రెండేళ్లకోసారి ఠాకురాణి జాతర జరిగే రోజుల్లో పాటకీ వేషానికీ రెండింటికీ పిలుపులొస్తాయి, కానీ ఒకే రాత్రి రెండూ ఒప్పుకోకూడదు. డప్పు పక్కన రెండు గంటలు పాడిన గొంతు పద్యం దగ్గర పలకదు. వేషానికి అడ్వాన్సు చేతిలో పడ్డాకే తేదీ ఇవ్వండి, మాట్లాడుకునేటప్పుడే హార్మోనిస్టు ఎవరో అడగండి. కొత్తాయన అయితే నాటకం ముందురోజు ఒక పూట ఆయనతో కూర్చోవాలి, ఆ పూట బస్సు ఛార్జీ, భోజనం సమాజంవాళ్లే పెట్టుకోవాలని అప్పుడే తేల్చుకోండి.