టెండర్ పిలిచే ముందు: పర్యావరణ షరతులపై జాగ్రత్తలు

• అసలు కొనాలా? ఉన్నదాన్ని రిపేరు చేయిస్తే సరిపోతుందేమో ముందు చూడండి.

• కొనే ధర ఒక్కటే చూడొద్దు. ప్రింటర్లనే తీసుకోండి: కరెంటు, కార్ట్రిడ్జ్‌లు, విడిభాగాలు, చివర్లో వదిలించుకునే ఖర్చు అన్నీ కలిపితే చవక కొటేషనే ఎక్కువ ఖర్చు తెచ్చిపెట్టవచ్చు. ఆ లెక్క ఎలా వేస్తారో టెండర్‌లోనే రాయండి, లేకపోతే తర్వాత గొడవే.

• ‘పర్యావరణహితం’ అని కంపెనీ చెప్పుకుంటే చాలదు. ఐఎస్‌ఓ 14024 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం బయటి సంస్థ ఇచ్చిన ఎకో లేబుల్ (వస్తువు పర్యావరణానికి తక్కువ హాని చేస్తుందని తెలిపే గుర్తు) అడగండి. ‘లేదా దానికి సమానమైన రుజువు’ అని తప్పక చేర్చండి. చిన్న సరఫరాదారులకు దారి మూసుకుపోకూడదు.

• కూలీల వేతనం, భద్రత కూడా షరతుల్లో ఉండాలి. వీటిని వదిలేయడం అన్యాయం.

• సరుకు దిగాక ఎవరు తనిఖీ చేస్తారో, మాట తప్పితే జరిమానా ఎంతో కాంట్రాక్టులో ఉందా?