గేమ్ లైవ్ కోసం నెట్ పెట్టించుకుంటున్నారా? ముందు ఇవి చూడండి

దసరా సెలవులొస్తున్నాయి, మా నెల్లూరు పిల్లలంతా గేమ్ లైవ్ (తాము ఆడే ఆటని నెట్‌లో అప్పటికప్పుడు అందరికీ చూపించడం) పెడతామని కొత్త కనెక్షన్ల వేటలో ఉన్నారు.

ఏడాది డబ్బు ఒకేసారి కట్టొద్దు. ఒక్క నెలకే తీసుకుని రాత్రి తొమ్మిదింటప్పుడు స్పీడ్ చూడండి. నేను మొత్తం కట్టేశాక తెలిసింది, పగలు వంద ఎంబీపీఎస్ (సెకనుకి ఎన్ని మెగాబిట్లో చెప్పే నెట్ స్పీడ్ కొలత) చూపించే లైను ఊరంతా ఫోన్లు పట్టుకునే వేళకి పదిహేనుకి పడిపోతుందని.

అప్‌లోడ్, అంటే మన నుంచి నెట్‌కి వెళ్లే స్పీడ్, ఎంతో విడిగా అడగండి. పాంప్లెట్ మీద పెద్దక్షరాల్లో ఉండేది డౌన్‌లోడ్, అంటే నెట్ నుంచి మనకి వచ్చే స్పీడ్; లైవ్ పంపడానికి అది పనికిరాదు. 6 ఎంబీపీఎస్‌తో వీడియో పంపాలంటే అప్‌లోడ్ 10 అయినా ఉండాలి.

'అన్‌లిమిటెడ్' అన్నా డేటా పరిమితి కనుక్కోండి. ఆ 6 లెక్కన గంటకి సుమారు 2.7 జీబీ పోతుంది.

రూటర్ నుంచి సిస్టమ్‌కి వైరే లాగించండి, వైఫై మధ్యమధ్యలో తడబడుతుంది.

రూటర్‌కి చిన్న యూపీఎస్ (కరెంటు పోయినా కాసేపు నడిపే బ్యాటరీ పెట్టె) కొనండి, నవంబరు వానల్లో మన కరెంటు సంగతి తెలిసిందేగా.