కంప్యూటర్ హ్యాంగ్ అయినా ఫ్యాన్ మందగించకుండా ఉండాలంటే ఏం చేయాలి?

ఒక ఎండాకాలం మధ్యాహ్నం వీడియో ఎక్స్‌పోర్ట్‌కి పెట్టి భోజనానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి స్క్రీన్ బిగుసుకుపోయి ఉంది. మౌస్ కదలదు. కేబినెట్ వెనక చేయి పెడితే సెగ కొడుతోంది, ఫ్యాన్ మాత్రం తీరిగ్గా తిరుగుతోంది. రొద భరించలేక అంతకు వారం ముందే ఫ్యాన్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్ ఒకటి వేసుకున్నాను. పని మొదలైన కాసేపటికే విండోస్ హ్యాంగ్ అయినట్టుంది. ఫ్యాన్ ఇంకా వేగం అందుకోకముందే దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్ కూడా ఆగిపోయింది.

ఫ్యాన్‌ని నిజానికి తిప్పేది మదర్‌బోర్డు మీదున్న చిన్న కంట్రోలర్ చిప్. ల్యాప్‌టాప్‌లో ఆ పని ఎంబెడెడ్ కంట్రోలర్ చేస్తుంది. బయాస్‌లో (విండోస్ కన్నా ముందే మొదలయ్యే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) పెట్టిన సెట్టింగ్ ప్రకారం అది తనంతట తానే వేడి చూసుకుంటుంది, వేగం మార్చుకుంటుంది. విండోస్ ఉన్నా ఊడినా దానికి పట్టదు. మనం సాఫ్ట్‌వేర్ వేసుకున్నప్పుడు ఆ చిప్‌ని మాన్యువల్ మోడ్‌లోకి మారుస్తాం. ఇక అది సొంతంగా ఆలోచించదు. చివరిగా 30 శాతం అని చెబితే, చెప్పినవాడు పోయినా 30 దగ్గరే ఉంటుంది.

1. ఫ్యాన్ పగ్గాలు బయాస్‌కే ఇవ్వండి

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. కంప్యూటర్ ఆన్ చేయగానే డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కుతూ బయాస్‌లోకి వెళ్లండి. ఆసుస్ బోర్డుల్లో క్యూ-ఫ్యాన్, గిగాబైట్‌లో స్మార్ట్ ఫ్యాన్, ఎంఎస్ఐలో హార్డ్‌వేర్ మానిటర్ అనే పేరుతో ఫ్యాన్ సెట్టింగ్ ఉంటుంది.

ముందు ఫ్యాన్ వైరు చివర ఎన్ని పిన్నులున్నాయో చూసుకోండి. నాలుగుంటే పీడబ్ల్యూఎం మోడ్ (సిగ్నల్‌తో వేగం మార్చేది), మూడుంటే డీసీ మోడ్ (వోల్టేజీతో వేగం మార్చేది). మూడు పిన్నుల ఫ్యాన్‌ని పీడబ్ల్యూఎంలో పెడితే అది ఎప్పుడూ ఫుల్ స్పీడ్‌లోనే తిరుగుతుంది. ప్రమాదమేమీ లేదు, చెవులకే కష్టం.

తర్వాత గ్రాఫ్, అంటే ఎంత వేడికి ఫ్యాన్ ఎంత వేగంగా తిరగాలో చెప్పేది. నేను పెట్టుకున్నది ఇది: 40 డిగ్రీల దగ్గర 35 శాతం, 60 దగ్గర 55, 75 దగ్గర 80, 85 దాటితే నూటికి నూరు. వేగం ఊరికే పెరిగి తగ్గుతూ విసిగిస్తుంటే స్టెప్ అప్, స్టెప్ డౌన్ (వేగం పెరగడానికి, తగ్గడానికి తీసుకునే) సమయాన్ని రెండు మూడు సెకన్లకు పెంచండి. ఏసీ లేని గదిలో, మే నెలలో గది వేడే 40 దగ్గర ఉండే మన ఊళ్లలో, ఫ్యాన్ కనీస వేగాన్ని మరీ తగ్గించొద్దు. లిక్విడ్ కూలర్ ఉంటే దాని పంపుని ఫుల్ స్పీడ్‌కే వదిలేయండి.

2. సాఫ్ట్‌వేర్ తప్పదంటే

దాన్ని ఒకసారి చంపి చూడండి. టాస్క్ మేనేజర్‌లో ఎండ్ టాస్క్ కొట్టి, ఏదైనా బరువైన పని పెట్టి, ఫ్యాన్ వేగం పెరుగుతుందో లేదో వినండి. పెరగలేదంటే, సిస్టమ్ పడిపోయిన రోజు కూడా పెరగదు. మామూలుగా క్లోజ్ చేసి చూస్తే ఈ సంగతి తెలియదు. చాలా సాఫ్ట్‌వేర్లు మర్యాదగా వెళ్లేటప్పుడు పగ్గాలు తిరిగి బోర్డుకి ఇచ్చి వెళ్తాయి.

యూఎస్‌బీ హబ్ మీద నడిచే ఫ్యాన్లయితే, ఆ సెట్టింగ్‌ని పరికరంలోనే సేవ్ చేసే వీలుందేమో వెతకండి.

3. లైనక్స్ వాడేవాళ్లకు

ఫ్యాన్‌కంట్రోల్ ప్రోగ్రామ్‌ది కూడా ఇదే కథ. పద్ధతిగా ఆపితే పాత సెట్టింగ్ తిరిగి పెడుతుంది, కెర్నెల్ పానిక్ వస్తే (అంటే లైనక్స్ గుండెకాయ లాంటి కెర్నెలే కూలిపోతే) ఆ అవకాశమే ఉండదు. 'పీడబ్ల్యూఎం1_ఎనేబుల్' ఫైల్‌లో 1 ఉంటే మాన్యువల్ అని అర్థం. 2 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే సాధారణంగా చిప్పే చూసుకుంటోందని లెక్క.

థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్‌ల డ్రైవర్‌లో ఫ్యాన్ కోసం వాచ్‌డాగ్ ఉంది, అంటే గడువు పెట్టుకుని కాపలా కాసే ఏర్పాటు. గడువు 1 నుంచి 120 సెకన్ల దాకా పెట్టుకోవచ్చు. ఆలోగా కొత్త ఆదేశం రాకపోతే ఫ్యాన్‌ని ఆటోమేటిక్‌కి మారుస్తుంది. కానీ ఈ కాపలాదారు ఉండేది కెర్నెల్ లోపలే. ప్రోగ్రామ్ ఆగిపోతే ఆదుకుంటాడు, కెర్నెలే కూలితే అతనూ ఇంటి కిందే పడతాడు.

4. పడిపోతే తనే లేచేలా చేయండి

రీబూట్ అయితే బయాస్ మళ్లీ ఫ్యాన్‌ని తన చేతిలోకి తీసుకుంటుంది. విండోస్‌లో స్టార్టప్ అండ్ రికవరీ సెట్టింగ్స్‌కి వెళ్లి 'ఆటోమేటికల్లీ రీస్టార్ట్' టిక్ పెట్టండి. ఇది బ్లూ స్క్రీన్ వచ్చినప్పుడు పనికొస్తుంది, ఊరికే బిగుసుకుపోతే కాదు.

లైనక్స్‌లో 'కెర్నెల్.పానిక్' విలువ మామూలుగా 0 ఉంటుంది, అంటే పానిక్ వచ్చాక అలాగే నిలబడిపోతుంది. 10 పెడితే పది సెకన్లకు రీబూట్ అవుతుంది. పూర్తిగా హ్యాంగ్ అయ్యే సిస్టమ్‌కి హార్డ్‌వేర్ వాచ్‌డాగే మందు. లైనక్స్‌లో సర్వీసులను నడిపించే సిస్టమ్‌డీ సెట్టింగుల్లో 'రన్‌టైమ్‌వాచ్‌డాగ్‌సెక్' అన్నచోట 30 సెకన్లు ఇస్తే, సిస్టమ్ అంతసేపు ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నప్పుడు బోర్డే రీసెట్ కొడుతుంది. రాత్రంతా ఆన్‌లో ఉండే సర్వర్‌కి ఇది పెట్టి తీరాలి.

5. కళ్లెదుటే హ్యాంగ్ అయితే

ప్రాసెసర్ కాలిపోతుందని కంగారుపడొద్దు. ఇప్పటి ప్రాసెసర్లు హద్దు దగ్గరికి రాగానే వేగం తగ్గించుకుంటాయి, హద్దు మరీ దాటితే హార్డ్‌వేరే కరెంటు కట్ చేస్తుంది. ఇంత రక్షణ పక్కనున్న హార్డ్ డిస్కులకు ఉండదు, అందుకే గంటల తరబడి అలా వదిలేయకూడదు. రెండు నిమిషాలు చూసి, పవర్ బటన్‌ని ఆపకుండా నొక్కి పట్టుకోండి. నాలుగైదు సెకన్లలో ఆగిపోతుంది. ప్లగ్ తీసేముందు ఆ పని చేయండి. తిరిగే ఫ్యాన్‌ని ఆపడానికి మాత్రం కేబినెట్‌లో వేలు పెట్టొద్దు.