మడ్ సర్వర్ ఉన్నట్టుండి బిగుసుకుపోతుంటే

మడ్ (నెట్‌లో చాలామంది కలిసి ఆడే పాతకాలపు టెక్స్ట్ గేమ్) హోస్ట్ చేసేవాళ్లు చాలామంది లాగ్ (ఆట ఆలస్యంగా స్పందించడం) రాగానే ర్యామ్ పెంచేస్తారు. దయచేసి ఆ తొందర వద్దు. సర్కిల్‌మడ్ లాంటి మడ్ సర్వర్ ప్రోగ్రామ్‌లు ఒకే లూప్ (మళ్లీ మళ్లీ తిరిగే పనుల వరుస) మీద నడుస్తాయి, అది సెకనుకు 10 సార్లు తిరుగుతుంది. అందులో ఏ ఒక్క పని ఆలస్యమైనా ఆటగాళ్లందరూ ఒకేసారి ఆగిపోతారు. ఒక్కరికే లాగ్ ఉంటే మాత్రం చాలావరకు వాళ్ల నెట్ సమస్యే.

సర్వర్‌లో టాప్ కమాండ్ (ఏ ప్రోగ్రామ్ సీపీయూని ఎంత వాడుతోందో చూపేది) నడుపుతూ గమనించండి. గేమ్ ఆగిపోయిన క్షణంలో కూడా సీపీయూ ఖాళీగానే ఉందా? అయితే ప్రోగ్రామ్ దేనికోసమో ఎదురుచూస్తోంది. ఎవరైనా కనెక్ట్ అయిన ప్రతిసారీ ఇలా జరుగుతుంటే నా మొదటి అనుమానం డీఎన్ఎస్ (ఐపీ అడ్రస్‌లకీ పేర్లకీ లంకె చూపే వ్యవస్థ) మీదే. వచ్చినవాళ్ల ఐపీ అడ్రస్‌కి పేరేంటో గేమ్ సర్వర్ డీఎన్ఎస్‌ని అడుగుతుంది, జవాబు వచ్చేదాకా లూప్ కదలదు. సర్కిల్‌మడ్‌లో అయితే కాన్ఫిగ్ ఫైల్ తెరిచి, నేమ్‌సర్వర్ (డీఎన్ఎస్ జవాబులిచ్చే సర్వర్) స్లో అని చెప్పే సెట్టింగ్‌ని 'యెస్' చేసి మళ్లీ కంపైల్ చేయండి. ఇకపై పేర్ల బదులు ఐపీ నంబర్లు కనిపిస్తాయి. హోస్ట్ పేరుతో ఎవరినైనా బ్యాన్ చేసి ఉంటే అది పనిచేయదు, వాళ్ల ఐపీతో మళ్లీ పెట్టుకోండి.