హెర్పిస్ జీనోం చదవడం నేర్చుకుందాం – పాఠం 4: రెండేసి కాపీలు, తిరగబడే ముక్కలు

పోయిన పాఠంలో ఎన్‌సీబీఐ (అమెరికా ప్రభుత్వ జీన్ డేటాబేస్) సైట్ నుంచి హెర్పిస్ సింప్లెక్స్ టైప్ 1 వైరస్ రిఫరెన్స్ సీక్వెన్స్ (పోల్చి చూడ్డానికి వాడే జీనోం, అంటే మొత్తం డీఎన్ఏ) డౌన్‌లోడ్ చేసుకున్నాం కదా, 1,52,222 బేస్‌లది (బేస్ అంటే డీఎన్ఏలో ఒక అక్షరం), ఆ ఫైల్ దగ్గర పెట్టుకుని కూర్చోండి. ఒక పొడుగు కాగితం ముక్క, పెన్సిలు, కత్తెర కూడా కావాలి, చేతులతో చేయకుండా ఊరికే చదివితే ఈ పాఠం బుర్రకెక్కదు. ఇవాళ నేర్చుకునేది ఒక్కటే. రెండు శాంపిళ్ళ మధ్య తేడా కనపడగానే అది జీనోంలో ఒక్కసారే ఉండే చోట పడిందా, రెండుసార్లు ఉండే చోట పడిందా, లేకపోతే అసలు కాపీల లెక్కే మారిందా అని ముందు తేల్చుకోవడం. ఇది తేల్చుకోకుండా మ్యుటేషన్లు లెక్కపెట్టేసిన టేబుల్స్ చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, అంత కష్టం వృథా అయిపోతుంది.

కాగితం మీద ఎడమ నుంచి కుడికి గీయండి. ముందు లాంగ్ రిపీట్ (సుమారు 9 వేల బేస్‌లు), తర్వాత యూఎల్ (ఒక్కసారే ఉండే పొడుగు భాగం, 1,08,000 దాకా), మళ్ళీ అదే లాంగ్ రిపీట్ కానీ తిరగేసి, దాని పక్కనే షార్ట్ రిపీట్ (6,600 చిల్లర), తర్వాత యూఎస్ (ఒక్కసారే ఉండే చిన్న భాగం, 13 వేలు), చివర్లో మళ్ళీ షార్ట్ రిపీట్, అదీ తిరగేసి. తిరగేసి అంటే ఎదురు స్ట్రాండ్ మీద వెనక నుంచి ముందుకి చదివితే అదే సీక్వెన్స్ వస్తుందని. మొత్తం లక్షా యాభై రెండు వేలలో 15 వేల పైచిలుకు రెండోసారి రాసి ఉందన్నమాట. అక్కడ ఉన్నవి పనికిమాలిన జీన్స్ కూడా కాదు, ఐసీపీ0, ఐసీపీ34.5 అనే జీన్స్ లాంగ్ రిపీట్‌లో ఉంటాయి, వైరస్ మిగతా జీన్స్‌ని ఆన్ చేసే ఐసీపీ4 షార్ట్ రిపీట్‌లో ఉంటుంది, అంటే ఇవన్నీ ఒక్కో జీనోంలో రెండేసి. క్యాన్సర్ ట్రీట్‌మెంట్ కోసం 2015లో అమెరికాలో అనుమతి వచ్చిన టీ-వెక్ అనే మార్చిన హెర్పిస్ వైరస్‌లో ఐసీపీ34.5 తీసేయాల్సి వచ్చినప్పుడు రెండు చోట్లా తీసేశారు, ఎందుకంటే ఒక చోట మిగిలితే ఆ మంచి కాపీయే పని చేసేస్తుంది, పైగా రికాంబినేషన్‌లో (ఒకేలాంటి డీఎన్ఏ ముక్కలు ఒకదానితో ఒకటి మార్చుకోవడంలో) రెండో చోటుకి కూడా తిరిగొచ్చేయొచ్చు. మామూలుగా కూడా అంతే, ఒక కాపీలో పడ్డ మార్పు రెండో దానికి ఎక్కుతుంది లేదా రెండో దాన్ని చూసి చెరిగిపోతుంది, అందుకే రెండు కాపీలూ ఎక్కువగా ఒకేలా ఉంటాయి.

ఇప్పుడు మధ్యలో, రెండు రిపీట్‌లు కలిసే చోట (దీన్ని జాయింట్ అంటారు) కాగితాన్ని కత్తిరించండి. పొడుగు ముక్కని అటు ఇటు తిప్పండి, చిన్న ముక్కనీ తిప్పండి, ఎన్ని రకాలుగా కలపొచ్చు? నాలుగు. వైరస్ డీఎన్ఏ కాపీ అయ్యేటప్పుడు ఈ తిరగేసిన రిపీట్‌ల మధ్య రికాంబినేషన్ జరిగి నిజంగానే నాలుగు రకాల జీనోంలూ దాదాపు సమానంగా తయారవుతాయి, ఒకే ప్లాక్ (ఒక్క వైరస్ వల్ల కణాల పొరలో ఏర్పడే మచ్చ) నుంచి పెంచిన వైరస్‌లో కూడా. 1975లో చికాగో యూనివర్సిటీలో రాయిజ్‌మన్ ల్యాబ్ వాళ్ళు దీన్ని చూపించారు. దాన్ని జెల్ (డీఎన్ఏ ముక్కల్ని సైజు ప్రకారం విడదీసేది) మీద ఎలా పట్టుకోవచ్చో అర్థమైతే ఈ సబ్జెక్ట్ మీద ప్రేమ పుడుతుంది, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

ప్రాక్టీసు కోసం నేను కల్పించిన అంకెలు ఇవి. డీఎన్ఏని కోసే ఎంజైమ్‌లలో, రిపీట్‌లలో ఎక్కడా కోయనిది ఒకటి తీసుకున్నాం, పొడుగు ముక్క రెండు కొసల నుంచి మొదటి కోత దాకా 12 వేలు, 20 వేలు, చిన్న ముక్కని ఒక్క చోటే కోసింది కాబట్టి అక్కడ 10 వేలు, 16 వేలు. యూఎల్ లోపల రెండు కోతల మధ్య ఉన్న ముక్క ప్రతి జీనోంలోనూ ఉంటుంది, దాన్ని 1 అనుకోండి. 12 వేల కొస సగం జీనోంలలోనే బయటికి ఉంటుంది, మిగతా సగంలో జాయింట్ వైపు తిరిగి ఉంటుంది, కాబట్టి ఆ బ్యాండ్ (జెల్ మీద ఒకే సైజు ముక్కల గీత) 0.5, అలాగే 20, 10, 16 కూడా 0.5. జాయింట్ ముక్కలు మాత్రం 12+10, 12+16, 20+10, 20+16, అంటే 22, 28, 30, 36 వేలు, ఒక్కోటి నాలుగో వంతు జీనోంలలోనే ఉంటుంది కాబట్టి 0.25. జెల్ మీద పలచగా కనపడే బ్యాండ్‌ని చూసి శాంపిల్‌లో వేరే వైరస్ కలిసింది అనుకోకండి, ముందు ఈ కూడికలు చేసి చూడండి, సరిపోయిందంటే అది జాయింట్ ముక్కే. 1978లో ఇదే ల్యాబ్ వాళ్ళు ఒక ఆసుపత్రిలో వ్యాపించిన హెర్పిస్ కేసుల్లో ఎవరి వైరస్ ఎవరిదానితో కలుస్తుందో ఈ బ్యాండ్లతోనే తేల్చారు, అప్పటికి అది కొత్త పద్ధతి.

ఇప్పుడు జెల్ బదులు సీక్వెన్సర్ వచ్చింది కానీ చిక్కు అలాగే ఉంది. 150 బేస్‌ల చిన్న రీడ్ (సీక్వెన్సర్ చదివిన ముక్క) ఒకటి లాంగ్ రిపీట్ నుంచి వస్తే అది ఎడమ కాపీదా మధ్య కాపీదా అని ఏ సాఫ్ట్‌వేరూ చెప్పలేదు, రెండు చోట్లా సమానంగా సరిపోతుంది, మ్యాపింగ్ క్వాలిటీ (రీడ్‌కి చోటు ఎంత నమ్మకంగా దొరికిందో చెప్పే అంకె) సున్నా వస్తుంది, వేరియంట్ కాలర్ (తేడాలు పట్టే సాఫ్ట్‌వేర్) ఆ రీడ్స్‌ని పక్కన పడేస్తుంది. అందుకని రిఫరెన్స్‌లో రెండు చివర్ల ఉన్న రిపీట్‌లు తీసేసి మధ్య కాపీలు మాత్రం ఉంచి అలైన్ చేయండి. అప్పుడు రిపీట్ భాగంలో కవరేజ్, అంటే ఒక్కో చోట పడ్డ రీడ్స్ లెక్క, మిగతా చోటు కంటే ఇంచుమించు రెట్టింపు రావాలి, యూఎల్‌లో 1000 ఉంటే అక్కడ 2000 దగ్గర, రాకపోతే కారణం వెతకండి (జీసీ, అంటే జీ, సీ అనే బేస్‌లు, ఎక్కువ ఉన్న చోట సీక్వెన్సింగ్‌కి డీఎన్ఏ సిద్ధం చేసేటప్పుడు కూడా తగ్గుతుంది, ఈ వైరస్ మొత్తానికే 68 శాతం జీసీ). ఇంకోటి, రిపీట్‌లో ఒక మార్పు 50 శాతం రీడ్స్‌లో కనపడితే రెండు వైరస్‌లు కలిశాయని వెంటనే రాసేయకండి, ఒక కాపీలోనే మార్పు ఉన్నా సరిగ్గా అంతే వస్తుంది. యూఎల్, యూఎస్‌లలో కూడా చాలా చోట్ల 50 దగ్గరే కనపడితే అప్పుడు మిశ్రమం అనుకోవచ్చు.

మూడో రకం తేడా చిన్న చిన్న డూప్లికేషన్లు. థైమిడిన్ కైనేజ్ జీన్‌లో ఒక చోట వరసగా 7 జీలు ఉంటాయి, డీఎన్ఏని కాపీ చేసే పాలిమరేజ్ అక్కడ జారి 8 రాసిందంటే రీడింగ్ ఫ్రేమ్ (మూడేసి అక్షరాలుగా చదివే వరస) మారిపోయి ఎంజైమ్ పాడవుతుంది, హెర్పిస్ మందు అసైక్లోవిర్ పని చేయాలంటే ఆ ఎంజైమే దాన్ని ముందు మార్చాలి కాబట్టి మందు పనిచేయడం ఆగిపోతుంది. ఒక్క అక్షరం డూప్లికేట్ అయితే రోగికి ఇంత తేడా, కాబట్టి ఇలాంటి చోట ఇన్సర్షన్ కనపడితే సీక్వెన్సింగ్ ఎర్రర్ అని కొట్టేయకుండా రీడ్స్ తెరిచి కళ్ళతో చూడండి. అదే హెర్పిస్ కుటుంబంలోనే ఉన్న ఎప్‌స్టీన్-బార్ వైరస్‌లో అయితే 3 వేల బేస్‌ల డబ్ల్యూ రిపీట్ వరసగా చాలాసార్లు వస్తుంది, ఎన్నిసార్లు అనేది స్ట్రెయిన్‌ని బట్టి మారుతుంది, దాన్ని మ్యుటేషన్ల లెక్కలో కలపకూడదు, కాపీల సంఖ్య అని వేరే కాలమ్‌లో రాయండి.

హోంవర్క్. ఆటలమ్మ తెచ్చే వారిసెల్లా జోస్టర్ వైరస్‌లో చిన్న ముక్క అటూ ఇటూ సమానంగా తిరుగుతుంది, పొడుగు ముక్క మాత్రం చాలావరకు ఒకే వైపు ఉంటుంది (ఎప్పుడో తిరిగే ఆ కొద్దిపాటి వాటిని వదిలేయండి). మన పాత అంకెలే తీసుకుని, 20 వేల కొస ఎప్పుడూ జాయింట్ వైపే ఉందనుకుని, ఎన్ని బ్యాండ్లు వస్తాయో, ఏది 1, ఏది 0.5, అసలు 0.25 బ్యాండ్ ఒక్కటైనా వస్తుందా అని రాసి ఉంచండి, పాఠం 5 ఆ జవాబుతోనే మొదలవుతుంది.