మిర్చి టిక్కీలు (బస్తాలు) ఎక్కించకముందే ముందు చక్రాల వాలు చూసుకోండి

సంక్రాంతి దాటిందంటే గుంటూరు మిర్చి యార్డు వైపు బళ్ల వరస మొదలవుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పల్నాడు ఊళ్ల నుంచి సరుకు దిగుతుంటే పికప్‌ను ఒక్కరోజు షెడ్డులో పెట్టాలన్నా ప్రాణం ఒప్పదు. అప్పుడు మేస్త్రీ కూడా తీరిగ్గా దొరకడు. దొరికినా 'ఈ సీజన్‌కి ఇలా లాగించెయ్ అన్నా' అంటాడు. పాత బండి ఉన్నవాళ్లు ముందు చక్రాల పని డిసెంబర్‌లోనే తేల్చుకోండి.

నేను చెప్పేది ముందువైపు చక్రాన్ని పట్టుకునే పై ఆర్మ్, కింది ఆర్మ్, మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే టార్షన్ రాడ్ ఉండే పికప్‌ల సంగతి. ముందు కూడా కమాన్ కట్టలు, అడ్డంగా ఒకే ఇనుప యాక్సిల్ ఉన్న బళ్లలో కాంబర్ సెట్టింగ్, అంటే చక్రం లోపలికో బయటికో ఒరిగే వాలును సర్దడం అంటూ మామూలుగా ఉండదు. అక్కడ చక్రం వాలిందంటే స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తిరిగే కింగ్ పిన్ అరిగి ఉండాలి, బేరింగ్ లూజయి ఉండాలి, లేదా యాక్సిలే వంగి ఉండాలి.

మొదట టైరునే అడగండి, అదే చెబుతుంది. అరచేతిని టైరు మీద అడ్డంగా బయటి నుంచి లోపలికి, మళ్లీ లోపలి నుంచి బయటికి నిమరండి. ఒక దిశలో నిమిరితే నున్నగా, ఎదురు దిశలో రంపపు పళ్లలా గీరుకుంటే అది టో తేడా, అంటే పైనుంచి చూస్తే రెండు చక్రాల ముందు అంచులు దగ్గరికో దూరానికో తిరిగి ఉన్నట్టు. గీరుకోకుండా లోపలి అంచు మాత్రమే బోడిగుండులా అరిగిపోతే కాంబర్ మీద అనుమానపడాలి. చక్రం పైభాగం లోపలికి ఒరిగితే లోపలి అంచు, బయటికి ఒరిగితే బయటి అంచు పోతుంది. రెండు చక్రాల వాలు సమానంగా లేకపోతే, పైభాగం ఎక్కువ బయటికి ఒరిగిన చక్రం వైపుకు స్టీరింగ్ లాగుతుంది.

ఇంట్లోనే కొలవచ్చు. చదునైన సిమెంటు నేల మీద ఖాళీ బండి నిలిపి, టైర్లలో గాలి సమానంగా పెట్టి, బానెట్ మీద రెండుసార్లు బలంగా నొక్కి వదలండి. తాపీమేస్త్రీ వాడే తూకపుగుండు దారాన్ని మడ్‌గార్డు నుంచి చక్రం మధ్యకు వేలాడదీసి, దారానికీ రిమ్ము పై అంచుకూ ఎంత ఎడముందో, కింది అంచుకూ ఎంతుందో స్కేలుతో చూడండి. 15 అంగుళాల రిమ్ము మీద ఆ రెండు కొలతల మధ్య 7 మిల్లీమీటర్ల తేడా అంటే సుమారు ఒక డిగ్రీ. పైన ఎడం ఎక్కువుంటే చక్రం లోపలికి ఒరిగినట్టు. ఇది మిషన్ కొలత కాదు గానీ, కుడిఎడమల తేడా పట్టుకోవడానికి చాలు.

నా తప్పు కూడా చెబుతాను. లోపలి అంచు అరుగుతుంటే నేను నేరుగా అలైన్‌మెంట్ షాపుకే వెళ్లాను. ఒకసారి కాదు, రెండుసార్లు. కంప్యూటర్ తెర మీద అంకెలు పచ్చగా మారాయి, డబ్బులు కట్టి వచ్చాను. నెల తిరక్కుండా కాజ టోల్‌గేట్ దగ్గర ఆగి చూస్తే టైరు లోపలివైపు తీగలు బయటపడ్డాయి. తీరా చూస్తే పై ఆర్మ్‌ను ఛాసిస్‌కు కలిపే బుష్‌లో రబ్బరు చితికి, ఇనుప గొట్టం ఒక పక్కకు జరిగిపోయి ఉంది. నిలబడి ఉన్నప్పుడు అంకె సరిగ్గా ఉంటుంది, బ్రేకు తొక్కగానే చక్రం ఒరుగుతుంది. అరిగిన సామాను మీద చేసిన అలైన్‌మెంట్ తెగిన గోనెకు కట్టిన మూతి లాంటిది.

అందుకని ముందు లూజు ఎక్కడుందో వెతకండి. టార్షన్ రాడ్ కింది ఆర్మ్‌కు కలిసి ఉంటే జాకీని ఆ ఆర్మ్ కిందే, వీలైనంత చక్రం వైపుకు పెట్టి లేపాలి. అప్పుడే ఆర్మ్‌నూ చక్రాన్నీ కలిపే బాల్ జాయింట్ మీద బరువు తగ్గి దాని లూజు తెలుస్తుంది. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. కదిలితే పక్కవాణ్ణి బ్రేకు తొక్కమనండి. కదలిక ఆగిపోతే బేరింగ్, ఆగకపోతే బాల్ జాయింట్ గానీ బుష్‌లు గానీ. ఎడమా కుడీ పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే కదిలితే స్టీరింగ్ రాడ్ల చివరలు చూడండి. బాల్ జాయింట్ మాత్రం కొత్తదే వేయించండి. ఆటోనగర్‌లో పాత ఆర్మ్ దొరికితే, వంపు లేకుంటే వాడుకోవచ్చు గానీ పాత బాల్ జాయింట్ ఎంత చవకైనా వద్దు.

ఇక అసలు ప్రమాదం ఉన్న చోటుకు వద్దాం. జాకీ మీద నిలబడ్డ బండి కిందకు ఎవరూ దూరకూడదు. మన నల్లరేగడి నేలలో జాకీ నెమ్మదిగా దిగబడుతుంది, కంటికి తెలియదు. కింద మందపాటి చెక్క వేయండి, ఛాసిస్ కింద రెండువైపులా స్టాండ్లు పెట్టండి, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు అడ్డం వేయండి. తర్వాత టార్షన్ రాడ్. మెలితిప్పిన బిగువంతా దాన్లోనే ఉంటుంది. చక్రాలు గాల్లో వేలాడుతున్నా ఆ బిగువు పూర్తిగా పోదు. దాని ఎత్తు సర్దే బోల్టు విప్పకముందే కింది ఆర్మ్‌కు ఆసరా లేకుండా బాల్ జాయింట్ ఊడదీస్తే ఆర్మ్ కొడవలి వేటులా కిందికి దిగుతుంది. బోల్టు వదులు చేసేముందు పైకి కనిపించే మరలు లెక్కపెట్టి, రాడ్ మీదా దాని పట్టు మీదా కలిపి రంగుతో గీత గీయండి. ఎడమ రాడ్ ఎడమకే, కుడిది కుడికే. చూడ్డానికి ఒకేలా ఉన్నా మార్చి వేయకూడదు.

బండి ముందుభాగం దిగిపోతే కూడా చక్రాలు లోపలికి ఒరుగుతాయి. అప్పుడు టార్షన్ బోల్టు తిప్పి ఎత్తు సరిచేయాలి. అరిగిన బుష్‌ను దాచడానికి బోల్టు తిప్పుకుంటూ పోతే మాత్రం బండి రాయిలా గట్టిపడి, బాల్ జాయింట్లు త్వరగా పోతాయి.

ఎత్తు సరిచేశాకే షిమ్ముల పని, అంటే పై ఆర్మ్ బోల్టుల దగ్గర పెట్టే పలుచని రేకుల పని. ఏ బోల్టు దగ్గర ఎన్ని రేకులు ఉన్నాయో విప్పకముందే ఫోన్లో ఫోటో తీసుకోండి. ముందు బోల్టుకూ వెనక బోల్టుకూ సమానంగా కలిపినా తీసినా కాంబర్ మారుతుంది. ఒక్కదానికే మారిస్తే క్యాస్టర్, అంటే స్టీరింగ్‌తో చక్రం తిరిగే గీత ముందుకో వెనక్కో ఒరిగే వాలు కూడా కదులుతుంది. కొన్ని బళ్లలో రేకుల బదులు, తిప్పితే ఆర్మ్‌ను జరిపే క్యామ్ బోల్టులుంటాయి. ఎంత ఉండాలన్నది మీ బండి మాన్యువల్‌లో ఉన్న అంకే, పక్క బండివాడి అంకె కాదు. గ్యాస్ మంట పెట్టి నకుల్ (చక్రం బిగించే ఇనుప దిమ్మ) కాల్చి వంచేస్తానన్న మేస్త్రీ దగ్గర మాత్రం ఒక్క నిమిషం కూడా నిలబడొద్దు. మంట తగిలిన ఇనుము బలం పోయి, లోడు మీద ఎక్కడ విరుగుతుందో చెప్పలేం.

రబ్బరు బుష్‌ల బోల్టులు చక్రాలు గాల్లో ఉండగా చివరి బిగింపు బిగించొద్దు. బండి బరువు నేల మీద పడ్డాక బిగించాలి. లేకపోతే రబ్బరు మెలి తిరిగి సీజన్ సగంలోనే చిరుగుతుంది. నట్లు ఊడకుండా అడ్డం వేసే కాటర్ పిన్నులు కొత్తవి వేయండి, అవి ఐదూ పది రూపాయల సామాను. కాంబర్, క్యాస్టర్ అయ్యాక చివర్న టో. కాంబర్ కదిలితే టో దానంతట అదే మారుతుంది కాబట్టి ఈ వరస తిరగబడకూడదు.

పని అయ్యాక ఖాళీ బండితో మంగళగిరి దాకా వెళ్లి రండి. తిరిగొచ్చి రెండు హబ్బుల మీదా చెయ్యి పెట్టి చూడండి. ఒకటి చురుక్కుమని, రెండోది గోరువెచ్చగా ఉంటే బేరింగ్ ఎక్కువ బిగించారు, లేదా బ్రేకు పట్టేస్తోంది. నాలుగైదు వందల కిలోమీటర్లు తిరిగాక ఆ బోల్టుల మీద పానా మళ్లీ ఒకసారి వేసి, తూకపుగుండుతో పాత కొలతలు సరిచూసుకోండి.